పాత స్మార్ట్ ఇంటిని మేటర్‌కి మార్చుకున్న వైనం

మా ఇంట్లో స్మార్ట్ వస్తువులు ఒక్కసారి ప్లాన్ వేసుకుని కొన్నవి కావు. మా ఆయన మర్చంట్ నేవీలో ఇంజనీరు. షిప్ దిగి సెలవు మీద వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చి బిగించేవారు. అలా హాల్లో, నడవాలో వైఫై టచ్ ప్యానెళ్లు వచ్చాయి. పడగ్గదుల్లోకి జిగ్బీ అనే తక్కువ కరెంటు రేడియోతో పనిచేసే బల్బులు, వాటిని ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే హబ్బు, కదలికను పట్టే సెన్సర్లు వచ్చాయి. తర్వాత ఏసీలకి రిమోటు పని చేసిపెట్టే ఐఆర్ బ్లాస్టరు, పూజగదిలో స్మార్ట్ ప్లగ్గు, గేటు దగ్గర కెమెరా. దేని యాప్ దానిదే, దేని పాస్‌వర్డు దానిదే. ఆయన మళ్లీ షిప్ ఎక్కాక వీటన్నిటినీ చూసుకోవాల్సింది నేనే.

నేను మారాలనుకున్నది మాత్రం యాప్‌లు ఎక్కువయ్యాయని కాదు, అత్తయ్య కోసం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. రాత్రి బాత్రూముకి లేస్తే స్విచ్ కోసం వెతుక్కోకుండా, మంచం దిగి రెండు అడుగులు వేయగానే నడవా లైటు వెలిగేలా సెన్సరు పెట్టాం. సెన్సరు జిగ్బీది, లైటు వైఫై ప్యానెల్‌ది. ఈ రెండింటికీ ఒకదాని మాట ఒకదానికి తెలియదు. సెన్సరు హబ్బుకి చెప్పాలి, హబ్బు ఇంటర్నెట్ మీద తన కంపెనీ సర్వరుకి చెప్పాలి, అది ఇంకో కంపెనీ సర్వరుకి చెప్పాలి, అక్కణ్నుంచి కబురు తిరిగి విశాఖ లాసన్స్ బే కాలనీలోని మా ఇంటికి వచ్చి లైటు వెలగాలి. మామూలు రోజుల్లో అది కాస్త ఆలస్యం, అంతే. కానీ వీధిలో డ్రైనేజీకి తవ్వుతూ ఫైబర్ కేబుల్ తెంపేసినప్పుడు అసలు వెలగలేదు. అత్తయ్య చీకట్లో గోడ పట్టుకుని నడవడం చూశాను. పది అడుగుల దూరంలో ఉన్న సెన్సరుకీ లైటుకీ మధ్య ఎక్కడో ఊరు కాని ఊళ్లో ఉన్న సర్వరుతో పనేమిటి? ఈ ప్రశ్నకి జవాబు కోసమే, వేర్వేరు కంపెనీల స్మార్ట్ వస్తువులు ఒకే భాషలో మాట్లాడుకునేలా చేసే మేటర్ అనే స్టాండర్డ్ గురించి చదవడం మొదలుపెట్టాను.

2019 డిసెంబరులో అమెజాన్, యాపిల్, గూగుల్, అప్పటి జిగ్బీ అలయన్స్ కలిసి ప్రకటించిన ప్రాజెక్టు ఇది. ఆ అలయన్సే 2021లో కనెక్టివిటీ స్టాండర్డ్స్ అలయన్స్‌గా పేరు మార్చుకుంది. 2022 అక్టోబరులో మేటర్ 1.0 విడుదలైంది. నాకు అందులో కావలసింది ఒక్కటే. మేటర్ వస్తువులు ఇంట్లోని నెట్‌వర్క్ మీదే పని చేస్తాయి. వాటిని నడిపించే కంట్రోలరు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి సెన్సరు కబురు గడప దాటనక్కర్లేదు. బల్బు ఒక కంపెనీది, స్విచ్ ఇంకో కంపెనీది అయినా ఫరవాలేదు. పైగా ఒకే వస్తువుని ఒకటి కంటే ఎక్కువ యాప్‌లకి కలుపుకోవచ్చు. నేను ఒక యాప్‌లో, పిల్లలు ఇంకో యాప్‌లో చూసుకున్నా గొడవ ఉండదు.

చదివేకొద్దీ మొదట చిక్కుపడే చోటు మేటర్, థ్రెడ్ అనే రెండు పేర్ల దగ్గర. వస్తువులు ఏం మాట్లాడుకోవాలో, ఎలా మాట్లాడుకోవాలో చెప్పేది మేటర్. ఆ మాటలు వైఫై మీద వెళ్లొచ్చు, ఈథర్‌నెట్ కేబుల్ మీద వెళ్లొచ్చు, థ్రెడ్ మీద వెళ్లొచ్చు. థ్రెడ్ అనేది బ్యాటరీ సెన్సర్ల వంటి చిన్న వస్తువులకి పనికొచ్చే, తక్కువ కరెంటుతో నడిచే రేడియో నెట్‌వర్క్. జిగ్బీ లాగే అదీ ఐఈఈఈ 802.15.4 అనే స్టాండర్డ్ మీద, 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. తేడా ఏమిటంటే థ్రెడ్‌లో ప్రతి వస్తువుకీ సొంత ఐపీవీ6 అడ్రసు, అంటే ఇంటర్నెట్‌లో వాడే రకం చిరునామా, ఉంటుంది. థ్రెడ్‌ని ఇంటి వైఫైతో కలపడానికి బోర్డర్ రౌటర్ కావాలి. హోమ్‌పాడ్ మినీ, నాలుగో తరం ఎకో, రెండో తరం నెస్ట్ హబ్ వంటి వాటిలో అది లోపలే ఉంటుంది.

"జిగ్బీ అయితే మేటర్‌కి వచ్చేస్తుంది మేడం, రేడియో ఒకటే" అని ఒక షాపులో ధైర్యంగా చెప్పారు. రేడియో ఒకటే, నిజమే. కానీ పాత జిగ్బీ బల్బు తనంతట తాను మేటర్ బల్బు అయిపోదు. దాని హబ్బుకి మేటర్ అప్‌డేట్ వస్తే, ఆ హబ్బు బ్రిడ్జిలా పని చేసి, వెనక ఉన్న బల్బుల్ని మేటర్ వైపు చూపిస్తుంది. బల్బు మాత్రం జిగ్బీ లోనే ఉంటుంది. ఇది తెలియక మంచి బల్బుల్ని అమ్మేసుకున్న వాళ్లున్నారు. నాకు చాలా బాధ అనిపించే విషయం ఇది. కొత్త స్టాండర్డ్ వచ్చిందంటే పాతవన్నీ చెత్తబుట్టలో వేయాలని కాదు. ఏది కదలాలి, ఏది ఉన్నచోటే ఉండాలి అన్నది తేల్చుకోవడమే ఇందులో అసలు పని. వైర్ల పనీ, యాప్‌ల పనీ దాని తర్వాతే.

మావయ్య స్టీల్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్‌లో పని చేసి రిటైరయ్యారు. నేను విషయం చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఇంట్లో ఏమేం ఉన్నాయో రాశావా అమ్మా?" అని. పాత లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసి, స్కేలు పెట్టి గదికో పేజీ గీశారు. వస్తువు, మోడల్ నంబరు, ఏ యాప్, ఏ స్విచ్‌బోర్డు, అందులో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఉందా, ఇన్వర్టర్ లైను మీద ఉందా. ఈ చివరి గడి ఎంత అవసరమో ముందుకెళ్లాక తెలిసింది. నోట్‌బుక్‌లో ఇంకో పేజీ ఆటోమేషన్లకి. ఏ సెన్సరు కదిలితే ఏ లైటు, ఎన్ని గంటలకి ఏ ప్లగ్గు, అన్నీ మామూలు వాక్యాల్లో. పాత యాప్‌ల నుంచి ఆటోమేషన్లు కొత్త కంట్రోలరుకి వాటంతట అవి రావు. ఒక్కొక్కటీ మళ్లీ కూర్చుని రాసుకోవాల్సిందే. పాత యాప్ తీసేయకముందే కాగితం మీద పెట్టుకోవడం వల్ల మాకు ఏదీ తప్పిపోలేదు.

ఆయనే ఒక షరతు కూడా పెట్టారు. ఏం మార్చినా సరే, గోడ మీది స్విచ్ నొక్కితే లైటు వెలగాలి, నొక్కితే ఆరాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని తాకినప్పుడు రోజుల తరబడి కరెంటూ ఫోనూ లేకుండా గడిపిన ఇల్లు మాది. మావయ్య మాటకి ఆ అనుభవం బరువు ఉంది. నాకూ అదే సరైనదనిపించింది. ఇంటికి చుట్టాలొస్తే వాళ్లకి యాప్ తెలియదు, చేతికి అలవాటైన స్విచ్ తెలుసు. స్మార్ట్ బల్బు ఉన్న చోట ఎవరైనా గోడ మీది స్విచ్ ఆపేస్తే బల్బుకి కరెంటు పోయి నెట్‌వర్క్‌లోంచి మాయమైపోతుంది. అందుకని అందరూ తిరిగే నడవా, బాత్రూం, మెట్ల దగ్గర మామూలు లైట్లే ఉంచి, స్విచ్ వెనక బోర్డులో ఇమిడిపోయే చిన్న మేటర్ మాడ్యూల్ పెట్టాలని తేల్చుకున్నాం. రంగులు మారే బల్బులు పడగ్గదులకే పరిమితం.

నోట్‌బుక్ పూర్తయ్యాక లెక్క తేలిపోయింది. జిగ్బీ హబ్బుకి మేటర్ అప్‌డేట్ ఉంది కాబట్టి బల్బులూ సెన్సర్లూ ఎక్కడివక్కడే. హాల్లోని టచ్ ప్యానెళ్లలో కొత్త మోడల్‌వాటికి అప్‌డేట్ ఉంది, పాతవాటికి లేదు. ఐఆర్ బ్లాస్టరూ కెమెరా కదల్చను. రూము ఏసీలు మేటర్‌లోకి 2023 అక్టోబరు నాటి 1.2 వెర్షన్‌తో వచ్చాయి, నిజమే, కానీ అది ఏసీలోనే మేటర్ ఉంటే. మా పాత ఏసీలకి రిమోటు తప్ప ఇంకేమీ తెలియదు. కెమెరాలు స్టాండర్డ్‌లో చేరిందే 2025 నవంబరు నాటి 1.5 వెర్షన్‌లో.

కంట్రోలరుగా హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నాను. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటరు మీద నడుస్తుంది, లెక్కలన్నీ ఇంట్లోనే చేస్తుంది. థ్రెడ్ కోసం దానికి ఒక యూఎస్‌బీ రేడియో పెట్టాను. ఆ రేడియోని నేరుగా కంప్యూటరుకి గుచ్చకూడదు. యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి వచ్చే రేడియో గోల 2.4 గిగాహెర్ట్జ్‌ని పాడు చేస్తుంది. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి, యూఎస్‌బీ 2 పోర్టుకి పెట్టి, రేడియోని దూరంగా గోడకి అంటించాను.

మొదలుపెట్టాల్సింది వస్తువులతో కాదు, రౌటరుతో. ఇది గట్టిగా చెప్తాను. కింద ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రౌటరు, పైన సిగ్నల్ కోసం మా ఆయన పెట్టిన ఇంకో రౌటరు. ఆ రెండోది తన కింద వేరే నెట్‌వర్క్ నడుపుతోంది. అంటే పై గదిలో ఉన్న ఫోను, కింద ఉన్న ప్యానెల్ పేరుకి ఒకే ఇంట్లో ఉన్నాయి కానీ నెట్‌వర్క్ లెక్కలో వేర్వేరు ఇళ్లలో ఉన్నట్టు. పై రౌటరుని సొంత నెట్‌వర్క్ నడపకుండా సిగ్నల్ మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చగానే అంతా ఒకటే నెట్‌వర్క్ అయింది. తర్వాత ఐపీవీ6. రౌటరు సెట్టింగుల్లో అది ఆపేసి ఉంది. మేటర్ ఐపీవీ6 మీద నడుస్తుంది. ఇంటర్నెట్ కంపెనీ బయటి నుంచి ఐపీవీ6 ఇవ్వకపోయినా నష్టం లేదు, ఇంట్లో మాత్రం అది నడవాలి. మూడోది, ఒక వైఫై పరికరానికి ఇంకో పరికరం కనబడకుండా చేసే ఐసొలేషన్ సెట్టింగు. అది ఆన్‌లో ఉంటే మేటర్ వస్తువులు ఒకదాన్నొకటి కనుక్కోలేవు. గెస్ట్ నెట్‌వర్క్‌లో సాధారణంగా ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి వస్తువుల్ని గెస్ట్‌లో పెట్టకూడదు.

ఛానెళ్ల మీద కూడా కాస్త శ్రద్ధ పెట్టాలి. వైఫై, జిగ్బీ, థ్రెడ్ మూడూ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే తోసుకుంటాయి. మా జిగ్బీ హబ్బు ముందునుంచీ 20వ ఛానెల్‌లో ఉంది, అంటే 2450 మెగాహెర్ట్జ్. దాన్ని మారిస్తే బ్యాటరీ సెన్సర్లు కొన్ని తప్పిపోయి మళ్లీ జత చేయాల్సి రావచ్చు, అందుకని ముట్టుకోలేదు. థ్రెడ్‌ని 25వ ఛానెల్‌లో, 2475 దగ్గర పెట్టాను. వైఫైని ఆటో నుంచి తీసి 1వ ఛానెల్‌లో, 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో కట్టేశాను. అది సుమారు 2423 దగ్గర ఆగిపోతుంది. పక్కింటి వైఫైలు మన చేతిలో ఉండవు, కనీసం మన మూడూ ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోవచ్చు.

ఇక కరెంటు పని. నడవాలోని పాత టచ్ ప్యానెల్ న్యూట్రల్ లేకుండా పని చేసే రకం. అటువంటివి లైటు గుండానే కొంచెం కరెంటు లాక్కుంటాయి. అందుకే స్విచ్ ఆపినా ఎల్ఈడీ మసకమసకగా వెలుగుతూ ఉండేది. మేము తెచ్చిన మేటర్ మాడ్యూల్‌కి న్యూట్రల్ కావాలి. మా ఇల్లు పాతది. ప్లగ్ పాయింట్ ఉన్న బోర్డుల్లో న్యూట్రల్ ఉంది, ఉత్త స్విచ్‌లే ఉన్న బోర్డుల్లో లేదు. ఎలక్ట్రీషియన్ ప్యానెల్ విప్పి టెస్టరు పెట్టి చూసి, "ఏటమ్మా, ఇందులో న్యూట్రలే లేదు, ఫేజే వస్తంది, ఫేజే వెళ్తంది" అన్నాడు. "పక్క బోర్డులోంచి లాగుదాం తమ్ముడూ" అన్నాను. ఆ గది బోర్డుకీ నడవా బోర్డుకీ మధ్య పైపు ఉంది. ఇనుప తీగ తోసి, దాని చివర నల్ల వైరు కట్టి లాగాడు.

పెట్టెలోంచి బయటికి తీసిన పాత వైర్ల చివర్లు చూసి నాకు గుండె ఝల్లుమంది. రాగి మీద పచ్చటి చిలుము, ఇత్తడి స్క్రూల తలలు తినేసి ఉన్నాయి. లోహపు పెట్టె అంచు వేలితో ముట్టుకుంటే పొరలుపొరలుగా రాలింది. మాకూ సముద్రానికీ మధ్య పెద్ద దూరం లేదు, ఉప్పుగాలి బోర్డుల్లోకీ దూరుతుంది. ఇటువంటి వదులైన జాయింట్ వేడెక్కుతుంది, అందులో ఎంత ఖరీదైన మాడ్యూల్ పెట్టినా ప్రయోజనం లేదు. అతను ప్రతి వైరూ చిలుము పట్టిన మేర కత్తిరించి, కొత్త రాగి కనబడేదాకా తొక్క తీసి, గట్టిగా బిగించాడు. నడవా, బాత్రూం బోర్డుల పెట్టెలు రెండూ ప్లాస్టిక్‌వి మార్పించాను. బీచ్ పక్క కాలనీల్లో ఉండేవాళ్లు స్మార్ట్ వస్తువు కొనకముందు ఒక్క బోర్డైనా విప్పించి చూసుకోవాలి.

న్యూట్రల్ విషయంలో మావయ్య దగ్గరుండి ఒక జాగ్రత్త చెప్పారు. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో న్యూట్రల్‌ని ఎక్కడ దొరికితే అక్కడ నుంచి తెచ్చుకోకూడదు. ఫేజు ఒక ఆర్‌సీసీబీ కింద నుంచి, న్యూట్రల్ ఇంకో దాని కింద నుంచి వస్తే, లైటు వేసినప్పుడల్లా ట్రిప్ అవుతుంది. రెండూ ఒకే సర్క్యూట్‌వేనా అని చూసుకున్నాకే మాడ్యూల్ బిగించాం. పాత లైటే, పాత చోటే. మసక వెలుగు పోయింది.

గీజర్ జోలికి వెళ్లలేదు. 3 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది. నాకు దొరికిన మేటర్ ప్లగ్గులు 10 ఆంపియర్లవి. దాని పాత 16 ఆంపియర్ల ప్లగ్గు పాత యాప్‌లోనే ఉంది, ఉండనీ.

వస్తువుల్ని కలిపే పని చదివినంత సులువుగానే జరిగింది, ఒక్క విషయం ముందే తెలిస్తే. ప్రతి మేటర్ వస్తువు మీదా ఒక క్యూఆర్ కోడూ, దాని కింద 11 అంకెల నంబరూ ఉంటాయి. స్విచ్ మాడ్యూల్ అయితే అది మాడ్యూల్ వీపు మీద ఉంటుంది. ఒకసారి గోడలో పెట్టి ప్లేటు బిగించాక మళ్లీ చూడాలంటే మెయిన్ ఆపి అంతా విప్పాలి. వస్తువుని రీసెట్ చేసి మొదటి నుంచి కలపాలంటే ఆ కోడే దిక్కు. అందుకని ఏదీ బిగించకముందే ఫొటో తీశాను, మావయ్య అంకెలన్నీ నోట్‌బుక్‌లో రాశారు. రాశాక ఒక్కొక్క అంకె పైకి చదివేవారు, నేను ఫొటోతో సరిచూసేదాన్ని. డబ్బాలోని కార్డు మీద కూడా కోడ్ ఉంటే చింపి అదే పేజీలో అంటించేశారు.

కలిపేటప్పుడు ఫోనుని వస్తువు పక్కనే పెట్టుకోవాలి, ఎందుకంటే మొదటి పరిచయం బ్లూటూత్ మీద జరుగుతుంది. ఫోను క్యూఆర్ చదివి, వస్తువు అసలైనదో కాదో దాని సర్టిఫికెట్‌తో సరిచూసి, దానికి వైఫై పాస్‌వర్డో థ్రెడ్ వివరాలో అందిస్తుంది. థ్రెడ్ వస్తువుకైతే ఒక పని ముందే చేసి ఉండాలి: మన థ్రెడ్ నెట్‌వర్క్ వివరాలు ఫోనుకి తెలియాలి. హోమ్ అసిస్టెంట్ యాప్‌లో వాటిని ఫోనుకి పంపే మీట ఉంది. అది నొక్కకపోతే ఫోను థ్రెడ్ నెట్‌వర్క్ లేదంటుంది, మనకేమో బోర్డర్ రౌటర్ కళ్లెదుట వెలుగుతూ కనిపిస్తుంటుంది. ఒక్కో కంపెనీ బోర్డర్ రౌటర్ సొంతంగా ఒక్కో థ్రెడ్ నెట్‌వర్క్ పెట్టేసుకునే బెడద కూడా ఉంది. 2024లో వచ్చిన థ్రెడ్ 1.4 ఆ వివరాలు పంచుకునే పద్ధతిని స్టాండర్డ్‌లోకి తెచ్చింది. నేను మాత్రం గజిబిజి లేకుండా ఇంటికి ఒక్కటే థ్రెడ్ నెట్‌వర్క్ ఉంచాను.

రెండో యాప్‌కి కలిపేటప్పుడు వస్తువు మీద ఉన్న కోడ్ కాదు, మొదటి యాప్ నుంచి కొత్త కోడ్ తెప్పించుకోవాలి. ఆ కోడ్ కాసేపే పనిచేస్తుంది, అందుకని పిల్లల ఫోను చేతిలో సిద్ధంగా పెట్టుకునే తెప్పించాలి. జిగ్బీ హబ్బు సంగతి అన్నిటికంటే హాయి. దానికి అప్‌డేట్ వేసి, దాని యాప్ ఇచ్చిన కోడ్ ఒక్కసారి కొట్టగానే బల్బులూ సెన్సర్లూ అన్నీ వరుసగా కనిపించాయి. ఆ కంపెనీ ప్రత్యేకంగా ఇచ్చే రంగురంగుల సీన్లు మాత్రం ఇటు రావు, అవి కావాలంటే దాని యాప్‌లోకే వెళ్లాలి. హాలు ఫ్యాన్లు కూడా అంతే. స్టాండర్డ్‌లో ఫ్యాను ఉంది, కానీ ప్రతి యాప్‌లోనూ అన్ని స్పీడులూ సరిగ్గా కనబడతాయన్న భరోసా లేదు. రెగ్యులేటరు గోడ మీద అలాగే ఉంచాను.

ఇప్పుడు ఆ ఇన్వర్టర్ గడి గురించి. మన ఊళ్లో స్మార్ట్ ఇల్లు పెట్టుకునే ప్రతివాళ్లూ ఇది ఆలోచించాలని నా కోరిక. థ్రెడ్‌లో కరెంటుకి పెట్టి ఉంచే వస్తువులు చుట్టుపక్కల వాటి కబుర్లని ముందుకి అందిస్తాయి. బ్యాటరీ వస్తువులు ఆ పని చేయవు, తమ కబురు తాము చెప్పి నిద్రపోతాయి. డాబా తలుపు మీద పెట్టిన థ్రెడ్ సెన్సరుకీ కింద ఉన్న రేడియోకీ మధ్య ఆర్‌సీసీ శ్లాబు ఉంది. సిగ్నల్ దాన్ని దాటలేదు. మెట్ల మలుపులో ఒక థ్రెడ్ ప్లగ్గు పెట్టగానే దారి ఏర్పడింది. మావయ్య ఊరుకోలేదు, "మెయిన్ ఆపి చూద్దాం" అన్నారు. ఆపాం. ఇన్వర్టర్ అందుకుంది, లైట్లున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కానీ డాబా తలుపు తీస్తే కబురు లేదు. మన ఇళ్లలో ఇన్వర్టర్ లైను లైట్లకీ ఫ్యాన్లకే ఇస్తారు, చాలా ప్లగ్ పాయింట్లకి ఇవ్వరు. మెట్ల మలుపు ప్లగ్గు కరెంటుతో పాటే చచ్చిపోయింది, దాని మీద ఆధారపడ్డ సెన్సరు ఒంటరైపోయింది. కరెంటు పోయినప్పుడే కదా డాబా తలుపు తీశారో లేదో తెలియాల్సింది!

నోట్‌బుక్ తిరగేసి ఇన్వర్టర్ గడిలో టిక్కు ఉన్న 5 ఆంపియర్ల సాకెట్లు వెతికాం. మెట్ల లైటు బోర్డు మీదే ఒకటి ఉంది. ప్లగ్గుని అక్కడికి మార్చాక మళ్లీ మెయిన్ ఆపాం, కబురు వచ్చింది. వైఫై రౌటరు, ఫైబర్ డబ్బా, జిగ్బీ హబ్బు, హోమ్ అసిస్టెంట్ కంప్యూటరు కూడా ఆ లైను మీదికే తెచ్చాం. ఇవన్నీ కలిసి తినే కరెంటు చాలా తక్కువ. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో కంప్యూటరు రీస్టార్ట్ కాకుండా ఇన్వర్టర్‌ని యూపీఎస్ మోడ్‌లో పెట్టాం. చాలా ఇన్వర్టర్లకి వెనకాల దానికో చిన్న స్విచ్ ఉంటుంది.

కరెంటుకి సంబంధించిందే ఇంకొకటి. పడగ్గది దీపాలు ఇన్వర్టర్ మీద లేని చోట, అర్ధరాత్రి కరెంటు పోయి వస్తే స్మార్ట్ బల్బులన్నీ ఫుల్లుగా వెలిగి నిద్ర లేపేస్తాయి. కరెంటు తిరిగొచ్చాక ఏం చేయాలి అన్న సెట్టింగు ప్రతి బల్బుకీ ఉంది. ముందు ఎలా ఉంటే అలాగే ఉండు అని పెట్టుకోవాలి. ఎండాకాలంలో దీని విలువ తెలుస్తుంది.

ఆటోమేషన్లు రాయడానికి పట్టినంత ఓపిక దేనికీ పట్టలేదు. అయినా నాకు ఎంతో ఇష్టమైన పని అదే, ఎందుకంటే ప్రతి వాక్యం దగ్గరా ఇది ఇంకా కావాలా అని అడిగే అవకాశం వచ్చింది. ఎప్పుడో సరదాకి పెట్టుకున్నవి వదిలేశాను. సంధ్య వేళకి పూజగది ప్లగ్గు సూర్యాస్తమయాన్ని బట్టి వెలిగేలా రాశాను, ఆ లెక్క కూడా హోమ్ అసిస్టెంట్ ఇంట్లోనే వేసుకుంటుంది. అత్తయ్య మంచం పక్కన ఒక థ్రెడ్ బటన్ పెట్టాను. ఒకసారి నొక్కితే నడవా లైటు, నొక్కి పట్టుకుంటే నా గదిలో దీపం వెలుగుతుంది. యాప్ అక్కర్లేదు, స్పీకరుతో మాట్లాడక్కర్లేదు. "ఇదైతే నా చేతిలో ఉంది అమ్మాయ్" అన్నారావిడ.

అంతా అయ్యాక ఒక రాత్రి ఫైబర్ డబ్బాలోంచి తీగ పీకేశాను. ఇంటర్నెట్ లేని ఇంట్లో ఏది బతుకుతుందో చూడాలని. అత్తయ్య బటన్ పనిచేసింది. నడవా సెన్సరు కదలిక పట్టగానే లైటు వెలిగింది, మునుపటి ఆలస్యం కూడా లేదు. పూజగది ప్లగ్గు, డాబా తలుపు, బల్బులు అన్నీ సరే. స్పీకరు మాత్రం మాట వినలేదు, మా స్పీకరుకి చెప్పే మాట ఇంటర్నెట్ దాకా వెళ్లి రావాల్సిందే. ఏసీ బ్లాస్టరు, గీజర్, హాల్లోని పాత ప్యానెళ్ల యాప్ కూడా పలకలేదు. అవన్నీ రిమోటుతో, గోడ మీద చేత్తో పనిచేస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. షిప్‌లో ఉన్న మా ఆయనకి ఇల్లు కనబడదన్నమాట, అది సహజమే.

పాత జిగ్బీ సెన్సరే ఇప్పటికీ నడవాలో ఉంది. హబ్బు వెనక నుంచి మాట్లాడుతుంది, ఆ మాట ఇల్లు దాటదు. మా పరిస్థితికి దగ్గరగా ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదే వరస: ముందు నోట్‌బుక్, తర్వాత రౌటరు, తర్వాత బోర్డుల్లో న్యూట్రల్ ఉందో లేదో, ఆ పైన ఇన్వర్టర్ లైను. కొనడం అన్నిటికంటే చివర. ఒక గది మార్చి, ఇంట్లోవాళ్లు అలవాటు పడేదాకా ఆగి, అప్పుడు రెండో గది పట్టుకుంటే పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడుస్తాయి, ఎవరికీ టెన్షన్ ఉండదు.

మిగిలినవి హాల్లో అప్‌డేట్ రాని ప్యానెళ్లు, ఏసీలు, గీజర్, కెమెరా. పాడయ్యేదాకా వాటిని మార్చే ఉద్దేశం లేదు. పై గదుల్లో ఇంకా మామూలు స్విచ్‌లే ఉన్న బోర్డులకి మాత్రం ఎలక్ట్రీషియన్ ఉన్నప్పుడే న్యూట్రల్ లాగించి, చివర్లకి ఇన్సులేషన్ టేపు చుట్టించి లోపల పెట్టించాను.